టర్బో మార్చమనే ముందు కొలిచి చూడండి

డీజిల్ ఇంజన్ పొగగొట్టంలోంచి నల్లపొగ వస్తే చాలు, ఇంజన్‌లోకి గాలిని కుక్కి పంపే "టర్బో పోయింది" అనేస్తున్నారు. ఈ మాట విని విని విసుగెత్తిపోయాను. పదిహేనేళ్లుగా ఓడల ఇంజన్ గదుల్లో పనిచేస్తున్నాను. సెలవులకు తిరుపతి వస్తే రేణిగుంట రోడ్డు లారీ షెడ్ల దగ్గర ఇదే మాట, మొన్న చెన్నై కాసిమేడు చేపల రేవుకు వెళ్తే అక్కడా ఇదే మాట. ఈసారి మా ఇంటివాళ్ల డబ్బే పోయింది కాబట్టి రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా అక్కావాళ్లది సూళ్లూరుపేట వైపు. 2022లో జిల్లాలు విడదీశాక ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వచ్చింది కాబట్టి ఇప్పుడు మాదీ సముద్రం ఉన్న జిల్లానే. బావ మరో ఇద్దరితో కలిసి ఒక మరబోటు నడుపుతున్నారు. ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్. వల లాగేటప్పుడు బలం చాలడం లేదు, పొగ నల్లగా కమ్మేస్తోంది, పొగగొట్టం మామూలుకన్నా ఎక్కువ కాలుతోంది. మెకానిక్ వచ్చి గాలి గొట్టం ఊడదీసి, టర్బో ఇరుసును వేలితో అటూ ఇటూ కదిపి, "ప్లే వచ్చేసింది (వదులైపోయింది), మార్చాల్సిందే" అన్నాడు. మార్చారు. నాలుగు వేటల మిగులు అందులో పోయింది. ఎనిమిది రోజులకు మళ్లీ అదే పొగ. ఈసారి డీజిల్‌ను సిలిండర్లలోకి పంపే ఇంజెక్టర్ పంపు మార్చాలన్నాడట. అప్పుడు బావ నాకు ఫోన్ చేసి, "ఒక్కసారి వచ్చి చూడవయ్యా, ఇంకో అప్పు చేసే ఓపిక నాకు లేదు" అన్నారు.

వెళ్లగానే అడిగింది పాత టర్బో ఎక్కడుందని. గోనెసంచిలో చుట్టి వలల కింద పడేశారు. బయటికి తీసి తుడిచాను. ఇరుసును వేలితో ఒక్కసారి తిప్పి వదిలితే చప్పుడు లేకుండా తిరిగి, మెల్లగా ఆగింది. రెక్కల అంచులు చెక్కుచెదరలేదు. లోపలి గోడకు రాసుకున్న గీత ఒక్కటీ లేదు. గాలివైపు నూనె తడి లేదు. నిక్షేపంగా ఉన్న వస్తువు. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఇరుసును పక్కకు కదిపితే కాస్త కదలాలి. దాన్ని అలాగే తయారు చేస్తారు. చిన్న టర్బోల ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. అది బేరింగులో బిగుసుకుని ఉండదు, చుట్టూ ఉన్న నూనె పొరమీద తేలుతూ ఉంటుంది. ఇంజన్ ఆగి నూనె జారిపోయాక ఆ పొర చోటు ఖాళీగా మిగులుతుంది. వేలికి తగిలే కదలిక అదే. ఇరుసును పక్కకు నొక్కి తిప్పినప్పుడు రెక్క గోడకు తగులుతోందా అన్నది చూడాలి. ముందుకూ వెనక్కూ లాగినప్పుడు మాత్రం కదలిక వేలికి తెలిసీ తెలియనంతే ఉండాలి. అనుమానముంటే సన్నని కదలికను ముల్లుతో చూపే డయల్ గేజీ పెట్టి, కొలతను తయారీదారు పుస్తకంలోని అంకెతో పోల్చాలి. ఈ తేడా తెలియనందువల్ల ఎన్ని మంచి టర్బోలు పాత ఇనుము కింద పోతున్నాయో తలచుకుంటే కడుపు రగిలిపోతుంది.

టర్బోకు సొంత బలమంటూ ఏదీ లేదు. ఇంజన్ వదిలే పొగలో వృథాగా పోయే శక్తితోనే గాలిని కుక్కి పంపాలన్నది స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూకి ఆలోచన. 1905లో పేటెంటు తీసుకున్నారు. అంటే పొగ సాఫీగా వెళ్లిపోతేనే టర్బో తిరుగుతుంది, టర్బో తిరిగితేనే గాలి వస్తుంది. గాలి తగ్గితే డీజిల్ పూర్తిగా కాలక నల్లపొగ వస్తుంది. కాబట్టి నల్లపొగ చూడగానే వేసుకోవాల్సిన ప్రశ్న గాలి ఎందుకు చాలలేదు, లేదా డీజిల్ ఎందుకు ఎక్కువైంది అని. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా, టర్బో నుంచి ఇంజన్‌కు వెళ్లే గొట్టం ఎక్కడైనా చిరిగిందా, ఆ గాలిని చల్లబరిచే కూలర్ మురికి పట్టిందా, సిలిండర్ల పొగను టర్బోకు చేర్చే గొట్టం (మానిఫోల్డ్) అతుకు దగ్గరి గాస్కెట్ నుంచి పొగ కారి మసి చార పడిందా. వీటిలో చాలావాటికి కళ్లూ, సబ్బు నీళ్లూ చాలు.

బోటు విషయంలో మరొకటి ఉంది. తిరుమల ఎక్కే బస్సు ఇంజన్‌కు ఎంత బరువైనా, మొదటి ఘాట్ రోడ్డులో దిగి వచ్చేటప్పుడు ఊపిరి పీల్చుకుంటుంది. వల లాగే బోటుకు దిగుడు లేదు, ఎప్పుడూ ఎక్కుడే. ప్రొపెల్లర్ వేగం పది శాతం పెంచాలంటే సుమారు 33 శాతం ఎక్కువ శక్తి కావాలి. అడుగున నత్తలు పేరుకున్నా, ప్రొపెల్లర్‌కు వల తాడు చుట్టుకున్నా, ఆశకొద్దీ పెద్ద ప్రొపెల్లర్ బిగించినా ఇంజన్ పూర్తి చుట్లు అందుకోలేక నల్లపొగ కక్కుతుంది. అప్పుడు పది టర్బోలు మార్చినా ఫలితం సున్నా.

మా బావ బోటులో ఇవన్నీ బాగానే ఉన్నాయి. ఇక మిగిలింది పొగ బయటికి పోయే దారి. టర్బో తర్వాత పొగగొట్టానికి చిన్న రంధ్రం వేయించి, వేడి తగ్గడానికి కొంత రాగి గొట్టం, దానికి పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబు తగిలించాను. ట్యూబును స్తంభానికి నిలువునా యు ఆకారంలో కట్టి సగం వరకు నీళ్లు పోశాను. నీటి మట్టం స్పష్టంగా కనబడడానికి అక్క ఇచ్చిన కుంకుమ చిటికెడు కలిపాను. రెండు వైపులా నీటి మట్టాల తేడా ఎంతో, పొగకు ఎదురొత్తిడి అంత. ఇలాంటి ఇంజన్లకు తయారీదారులు ఒప్పుకునేది చాలావరకు 700 నుంచి 1000 మిల్లీమీటర్ల మధ్య. పెద్ద ఓడల రెండు స్ట్రోకుల ఇంజన్లలోనైతే సుమారు 350 మిల్లీమీటర్లు దాటకూడదు. రేవు బయటికి వెళ్లి బరువు మీద చుట్లు పెంచమన్నాను. ఎర్రనీళ్లు ఎగబాకి ఎగబాకి, రెండు మీటర్ల ట్యూబు అంచు దాటి డెక్కు మీద చిమ్మాయి. ఎవరికీ ఏ వివరణా అక్కర్లేకపోయింది.

సైలెన్సర్ కోసి చూస్తే లోపలి పలక ఒకటి తుప్పుకు ఊడి, బయటికి వెళ్లే నోటికి అడ్డంగా పడి ఉంది. దాని వెనక మసి గడ్డకట్టింది. పిడికిలి పట్టాల్సిన చోట రెండు వేళ్లు పట్టాయి.

నా కోపం ఆ ఒక్క మెకానిక్ మీద కాదు. అతనికి ఎవరూ కొలవడం నేర్పలేదు. మన ఊళ్లలో డీజిల్ పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకు టర్బో నిర్వచనం వల్లె వేయిస్తారు, నేను కట్టిన నీళ్ల ట్యూబులాంటి ఒత్తిడి కొలిచే మానోమీటర్ చేతికి ఇవ్వరు. ఓడలో మేము రోజూ ఒక్కో సిలిండర్ పొగ ఉష్ణోగ్రత, టర్బో చుట్లు, గాలి ఒత్తిడి పుస్తకంలో రాస్తాం. టర్బో తోడేలులా ఊళపెట్టినా ముందు తిరగేసేది ఆ పుస్తకాన్నే. ఒక సిలిండర్ మాత్రమే వేడెక్కితే చూడాల్సింది ఇంజెక్టర్‌నూ, ఎగ్జాస్ట్ వాల్వునూ. నీలిపొగ వస్తే టర్బో సీలును తిట్టేముందు దాని నూనె కిందికి దిగే గొట్టం మూసుకుందేమో, ఇంజన్ అడుగు పెట్టె అయిన క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగిందేమో చూడాలి. దిగే దారి లేని నూనె, ఎంత కొత్త సీలునైనా దాటుకుని వస్తుంది.

కొత్త సైలెన్సర్ పెట్టి, కావాలనే పాత టర్బోనే తిరిగి బిగించాను. అదే బరువు మీద నీళ్ల తేడా 600 మిల్లీమీటర్ల దగ్గర నిలిచింది. పొగ పలచబడింది. కొత్త టర్బోను కొన్న దుకాణం వెనక్కి తీసుకోనంది, అది బోటులోనే పెట్టెలో ఉంది.

ప్లాస్టిక్ ట్యూబు మాత్రం నాతో తెచ్చుకున్నాను. అలిపిరి దగ్గర మా మేడ మీద బట్టల తీగకు వేలాడుతోంది. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల లారీకో, జనరేటర్‌కో, బోటుకో టర్బో మార్చమని ఎవరైనా అంటే, డబ్బు కట్టేముందు నాకు మెసేజ్ పెట్టండి. వచ్చి పట్టుకెళ్లండి, పని కాగానే తిరిగి ఇవ్వండి.