బనానా కోసం చావడం ఇక ఆపండి

కౌంటర్‌స్ట్రైక్ 2 అనే ఐదుగురికి ఐదుగురు ఆడే తుపాకీ ఆటలో ఇన్‌ఫెర్నో మ్యాప్ పడితే చాలు, సీటీ సైడ్‌లో (ఎ, బి అనే రెండు సైట్లలో బాంబు పెట్టనీయకుండా కాచే జట్టు) ఇద్దరు రౌండ్ మొదలవగానే బి సైట్‌కు వెళ్లే బనానా అనే సందు మీదకు ఎగబడతారు. మోలీ (మంట పెట్టేది), హెచ్‌ఈ (పేలేది), ఫ్లాష్ (కళ్లు బైర్లు కమ్మించేది) ఉన్నవన్నీ విసిరేస్తారు. అవతలివాడు ఆట డబ్బుల్లో 300 డాలర్ల స్మోక్ (పొగ బాంబు) ఒకటి వేసి, అంతకంటే ఎక్కువ పెట్టి కొన్న మీ మంటను ఆర్పేస్తాడు. ఏళ్ల తరబడి ఇదే తంతు, దీన్నే మనం "కంట్రోల్" అంటున్నాం!

నా మాట సూటిగా చెబుతాను. చాలా రౌండ్లలో బనానాను వదిలేయడమే మేలు.

రౌండ్ టైం 1:55. ఆలోపు బాంబు పెట్టాల్సింది వాళ్లు, మీరు కాదు. బనానా ఊరికే ఇచ్చేసినా వాళ్లకు దక్కేది ఒక ఇరుకు సందు, దాని చివర కారు దగ్గర ఒకటే బయటికి దారి. పైగా వెనక నుంచి మీరెప్పుడు తోసుకొస్తారోనని అక్కడ ఒకడిని కాపలా పెట్టాలి, అంటే ఏ సైట్ మీదకు వెళ్లినా నలుగురే.

ఇప్పుడు చివరి ముప్పై సెకన్లు చూడండి. బి సైట్‌లోకి సీటీలు వచ్చే వైపు, సైట్‌లోని కాఫిన్స్ అనే చోటు మీద స్మోక్‌లు పడ్డాయి, నలుగురు కారు దాటి బయటికొస్తున్నారు. మొదట్లోనే అన్నీ తగలేసిన బి ప్లేయర్ చేతిలో తుపాకీ తప్ప ఏమీ లేదు. అదే ఒక మోలీ, ఒక హెచ్‌ఈ దాచుకుని ఉంటే? సందు మూతి మీద కొన్ని సెకన్ల మంట, వాళ్లు దాని మీద స్మోక్ వేస్తే ఆ పొగలోంచి గుడ్డిగా రావాలి, ఈ ఆటలో హెచ్‌ఈ పడితే పొగ కాసేపు చీలిపోతుంది కాబట్టి అప్పుడు దొరికిపోతారు, ఈలోగా ఎ సైట్ నుంచి ఆర్చ్ అనే దారి మీదుగా సాయం వచ్చేస్తుంది. ఒక్కడు ఒక్క కిల్ కూడా లేకుండా రౌండ్ ఆపినట్టే.

బి రీటేక్ (పోయిన సైట్‌ను తిరిగి పట్టుకోవడం) నరకం, అందుకే ముందే అడ్డుకోవాలి అనేవాళ్లున్నారు. నిజమే, సీటీ, కన్‌స్ట్రక్షన్ అనే రెండు తప్ప దగ్గరి దారులు లేవు. కానీ బనానాలో ఇద్దరూ పోయాక ముగ్గురితో చేసే రీటేక్ ఇంకా ఘోరం కదా. పైగా ఇప్పుడు హాఫ్‌కు 12 రౌండ్లే, 13 కొట్టినవాడిదే గెలుపు. పాత 15 రౌండ్ల రోజుల్లోలా రెండు మూడు రౌండ్లు పారబోసుకుని కోలుకునే తీరిక లేదు.

అసలు మనవాళ్లు బనానా ఎందుకు వదలరంటే, అక్కడ కిల్స్ దొరుకుతాయి. క్లిప్పులు అక్కడే పుడతాయి. మన గేమింగ్ మొత్తానికి పట్టిన జబ్బు ఇదే: టాప్ ఫ్రాగర్‌కు (ఎక్కువ కిల్స్ కొట్టినవాడికి) జేజేలు, మోలీ దాచుకుని మూల కూర్చున్నవాడికి "ఏం చేస్తున్నావ్ రా అక్కడ" అని తిట్లు. స్కోర్‌బోర్డులో యుటిలిటీ (మోలీ, హెచ్‌ఈ లాంటివి) డ్యామేజ్ చూపిస్తారు గానీ, అది తగ్గిన ప్రాణాన్ని లెక్కేస్తుంది, వెనక్కి తిరిగిన దాడిని కాదు. చివరికి టీం కాల్స్ ఇచ్చేవాడు కూడా ఆ బోర్డు చూసే ఎవరిని మార్చాలో తేల్చేస్తాడు, బి సైట్‌లో నిలబడటం తెలిసినవాడు బెంచీ మీదకు పోతాడు, వాడి చోటుకు వచ్చిన కొత్తవాడు మళ్లీ తొలి పది సెకన్లలో బనానాలోకి దూకుతాడు.