బుడమేరు మునక ముందు అడగాల్సిన ప్రశ్న

ఫ్యాక్టరీ వస్తే నీళ్లు పాడవుతాయని ఊరివాళ్లు నిరూపించాలా, పాడవవని ఫ్యాక్టరీ పెట్టేవాళ్లే చూపించాలా? జస్టిస్ ఎం. జగన్నాథరావు 1999 జనవరిలో సుప్రీంకోర్టులో దీన్ని తేల్చి చెప్పారు. మార్పు కోరేవాళ్లే హాని లేదని చూపించాలి. హైదరాబాద్‌కు తాగునీరిచ్చే హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌లకు పది కిలోమీటర్ల లోపే నూనె ఉత్పత్తుల ఫ్యాక్టరీ పెట్టబోయిన కేసది. ప్రభుత్వం తన నిబంధనను తానే పక్కనపెట్టి కంపెనీకి మినహాయింపు ఇచ్చింది. 2000లో, రిటైరయ్యే ముందు, ఆయన ఆ మినహాయింపునూ కొట్టేశారు.

ఆయన్ని నేను ఎక్కువ గౌరవించేది ఇంకో విషయానికి. శాస్త్ర విషయాలు తేల్చడంలో జడ్జీలకుండే ఇబ్బందిని తీర్పులోనే రాశారు. ఆ కేసులోనే నిపుణుల సలహా కోరారు. పర్యావరణ కోర్టుల్లో జడ్జీల పక్కన శాస్త్రవేత్తలూ కూర్చోవాలన్నారు. తర్వాత, చట్టాల్లో మార్పులపై కేంద్రానికి సలహా ఇచ్చే లా కమిషన్ ఛైర్మన్‌గా 2003లో 186వ నివేదికలో అదే సిఫార్సు చేశారు. 2010లో, జడ్జీలతో పాటు నిపుణులూ కూర్చుని పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ కోసం చట్టం వచ్చింది. తీర్పు రాసి ఊరుకోకుండా ఆ ఆలోచన వెంట ఇంత దూరం నడిచిన జడ్జీలు తక్కువ.

రాజధాని అమరావతికిచ్చిన పర్యావరణ అనుమతి మీద కేసు వెళ్లింది ఆ ట్రిబ్యునల్‌కే. 2017 నవంబర్‌లో అనుమతిని సమర్థిస్తూనే, కొండవీటి వాగు ముంపు భూముల విషయంలో షరతులు పెట్టింది, కమిటీలు వేసింది. మరి విజయవాడను ముంచిన బుడమేరు వాగు సంగతి? 2024 సెప్టెంబర్ మొదట్లో గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. కింది అంతస్తులో ఫ్రిజ్, పరుపులు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ బురదపాలు. వెంటనే ఆక్రమణల మాట లేచింది. అప్పు చేసి వంద గజాలు కొనుక్కున్నవాళ్లనే దోషులుగా నిలబెట్టడం అన్యాయం. ఆ స్థలంలో లేఅవుట్ వేసినవాళ్లు వరదనీరు ఎటు పోతుందో ముందే చూపించి ఉండాల్సింది. జగన్నాథరావు తీర్పు సారం అదే కదా!

ట్రిబ్యునల్ దక్షిణాది బెంచి చెన్నైలో ఉంది. సింగ్‌నగర్‌లో రోజు కూలీ చేసుకునే మనిషి పినాకినీ రైలు ఎక్కి అక్కడికెళ్లి కేసు నడపగలడా? అప్పుడప్పుడు వేరే ఊళ్లకు వెళ్లి కేసులు వినే సర్క్యూట్ బెంచి విజయవాడకూ రావాలి. అంతకంటే ముందు వాగు పక్కన ఏ ప్లాన్ వచ్చినా, వాననీరు పోయే దారిని గీసి చూపిస్తేనే కార్పొరేషన్, రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ అర్జీ తీసుకోవాలి. ఆ మ్యాపును వార్డు సచివాలయంలో గోడకు అంటించాలి.