పూయని హైడ్రేంజియాకు ఓ ఉత్తరం

మహారాజశ్రీ హైడ్రేంజియా గారి సముఖానికి,

ఇక్కడ మేము క్షేమం. మీరు క్షేమమని మీ ఆకులు చూస్తేనే తెలుస్తోంది.

నిన్న వ్రతానికి వచ్చిన ఒకావిడ పెరట్లో మిమ్మల్ని చూసి, "ఇదేం ఆకుకూరండీ, బజ్జీలకు బాగుంటుందా?" అన్నారు. నాలుగేళ్లు పెంచిన పూలమొక్క గురించి "కాదండీ, తింటే విషం" అని చెప్పుకోవాల్సి వచ్చింది. పూజకు పూలు కొట్టు నుంచే తెచ్చాం.

మీ మెడలో వేలాడిన చీటీ మీద జోన్ 5 (అమెరికాలో ఊళ్లను చలిని బట్టి విడగొట్టిన మండలాల్లో ఒకటి) చలికి తట్టుకుంటారని ఉంది. తట్టుకోవడమంటే ప్రాణాలతో ఉండటమేనని, పూస్తారని ఎవరూ మాటివ్వలేదని తర్వాత తెలిసింది. వచ్చే ఏటి మొగ్గలు ఈ ఏటి వేసవి చివరికే పాత కొమ్మల మీద కట్టుకుంటారట, షికాగో జనవరిలో మైనస్ 20కి అవి మాడి చస్తాయట, వేళ్లు మాత్రం బతికి మళ్లీ ఆకులేస్తాయట! ఒక ఏడాది మా మామగారు ఊళ్లో మల్లెపొదను కత్తిరించినట్టే అక్టోబరులో మిమ్మల్నీ కత్తిరించారు, సరే, ఆ తప్పు మాదే. మరి పోయినేడు? నవంబరులో గోనెపట్టా చుట్టి, లోపల ఎండుటాకులు కూరి, పురిటి బాలింతలా చూసుకుని, ఏప్రిల్‌లో రెండు రోజులు ఎండ కాసిందని విప్పితే మే మొదటి వారంలో మంచు కురిసింది. రాత్రి పదకొండింటికి మంచం మీది దుప్పటి తెచ్చి కప్పాను. అయినా నువ్వు పూయలేదు. అవును, ఇక 'నువ్వే', మర్యాద అయిపోయింది.

పక్కింటి అనబెల్ హైడ్రేంజియా నీ చుట్టమే కదా? ఈ ఇలినాయ్‌లోనే ఆనా అనే ఊరి దగ్గర 1910లో దొరికిన జాతి. పక్కింటివాళ్లు దాన్ని మార్చిలో మొదలంటా నరికేస్తారు, జులైకి చెంబులంత పూలు. సిగ్గనిపించదా? (ట్యూలిప్ దుంపలు తిన్న ఉడతలకు వేరే ఉత్తరం రాస్తాను.)

ఇంతవరకు రాసి నీళ్లు పెడదామని వస్తే, అడుగున ఎండుటాకుల్లో మిగిలిపోయిన కొమ్మకు ఒకే ఒక్క పువ్వు. నిమ్మకాయంత. నీలం అని కొన్నాను, గులాబీ రంగు పూశావు. మా మట్టిలో సున్నం ఎక్కువట, అదీ నా ఖాతాలోనే వేసుకో.

ఫోటో తీసి అమ్మకు పంపాను. "కాగితం పువ్వా?" అంది. ఫోన్ పెట్టేసి ఇంకో నాలుగు ఫోటోలు తీశాను.

ఈ నవంబరుకు ఎండుటాకులు రెండు బస్తాలు ఎక్కువే పోస్తాను, చావు.