మా ఎమ్మెల్యే గారి మెడలోని కండువాకు

మహారాజశ్రీ కండువా గారి దివ్యసముఖమునకు,

వాగు ఇవతలి ఒడ్డున ఉన్న ఊళ్లో ఓటు కలిగిన ఒక రిటైర్డు లెక్కల మాస్టారు నమస్కరించి వ్రాయు విన్నపము. ఇక్కడ మేము క్షేమం. తమరి క్షేమసమాచారాలు రోజూ పేపర్లో మెడతో సహా ఫోటో వేసి చెబుతూనే ఉన్నారు కనుక విడిగా అడగడం లేదు.

నిన్న తమరి దర్శనభాగ్యం కలిగింది. ఎమ్మెల్యే గారు వంతెనకు శంకుస్థాపన చేస్తారని, పదకొండింటికల్లా వచ్చేస్తారని చెప్పి పదింటికే మమ్మల్ని షామియానా కింద కూర్చోబెట్టారు. ఆయన బండి దిగేసరికి నాలుగు దాటింది. ఆలోగా మజ్జిగ ప్యాకెట్లు అయిపోయాయి, డప్పులవాళ్లు రెండుసార్లు వాయించి మూడోసారికి డబ్బులు ముందు ఇమ్మన్నారు, పురోహితుడు గారు పెట్టిన ముహూర్తం దాటిపోతే అదే పంచాంగంలోంచి ఇంకొకటి తీశారు. తీరా ఆయన దిగాక మనిషిని గుర్తుపట్టాం గాని మెడను గుర్తుపట్టలేకపోయాం. మేము ఓటు వేసినప్పుడు ఆ మెడలో ఉన్నది తమరు కారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, "రంగు మారినట్టుందేమిటయ్యా మాస్టారూ?" అని అడిగారు. ఎండకు అలా కనిపిస్తోందని చెప్పి సర్దాను. దగ్గరికి వచ్చాక చూస్తే, చెమటకు తమరి రంగు దిగి ఆయన తెల్లచొక్కా కాలరు మీద వేలెడు మేర అంటుకుని ఉంది. పాపం కొత్త బట్ట, ఒక్క ఉతుకైనా పడలేదు.

మైకు అందుకున్న ఎమ్మెల్యే గారు తమరిని ఒకసారి భుజం మీద సర్దుకుని, తాను పార్టీ మారింది పదవి కోసం కాదని, కేవలం నియోజకవర్గ అభివృద్ధి కోసమని, అందులోనూ ముఖ్యంగా ఈ వంతెన కోసమని సెలవిచ్చారు. తమరు ఆ మెడకు కొత్త కనుక ఈ మాట కొత్తగా వినిపించి ఉండవచ్చు. మాకు ఇది మూడోసారి. మొదటి పార్టీని వదిలి రెండో పార్టీలోకి వెళ్లినప్పుడు ఈ వంతెన కోసమే వెళ్లారు. అక్కడ ఇమడలేక సొంతగూటికి తిరిగి వచ్చినప్పుడూ ఈ వంతెన కోసమే వచ్చారు. ఇప్పుడు ఆ సొంతగూడును కూడా వదిలి తమరి నీడకు చేరింది మళ్లీ ఈ వంతెన కోసమే. మా వాగు మీద ఇంతవరకు ఒక్క స్తంభమైనా లేవలేదు గాని, ఆ లేని వంతెన మీదుగానే ఆయన మూడుసార్లు, కాలికి తడి అంటకుండా, అవతలి ఒడ్డుకు క్షేమంగా చేరుకున్నారు.

తమరి వంశం గొప్పది, కాదనను. 1967లో హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే పదిహేను రోజుల్లో మూడుసార్లు పార్టీ మారితే ఆయన పేరు మీదనే ఆయారాం గయారాం అన్న మాట పుట్టింది. మన దగ్గర 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించి నాదెండ్ల భాస్కరరావు గారు ఒక్క నెల ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో, ఎమ్మెల్యేలను కర్ణాటకలో క్యాంపు పెట్టి ఎలా కాపలా కాయవలసి వచ్చిందో మా తరానికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ మరుసటి ఏడాదే ఫిరాయింపులను ఆపడానికి రాజ్యాంగానికి పదో షెడ్యూలు చేర్చారు. మొదట్లో మూడో వంతు మంది కలిసి వెళితే చీలిక అని వదిలేసేవారు. 2003లో ఆ వెసులుబాటు తీసేసి, మూడింట రెండు వంతుల మంది విలీనానికి ఒప్పుకుంటేనే పదవులు నిలుస్తాయన్నారు. ముప్పై ఏళ్లు పిల్లలకు భిన్నాలు నేర్పినవాణ్ణి గాని, ఈ భిన్నం అంతరార్థం నాకు 2019 జూన్‌లో బోధపడింది. తెలంగాణ అసెంబ్లీలో కాంగ్రెస్‌కు అప్పటికి మిగిలిన 18 మందిలో సరిగ్గా 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. ఒక్కడు దూకితే గోడ దూకాడంటారు, పన్నెండుమంది కలిసి దూకితే గోడే పక్కకు జరిగిందంటారు.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ భిన్నం అవసరం కూడా పడలేదు. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తు మీద గెలిచినవారిలో 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లగా, వారిలో నలుగురు 2017లో మంత్రులు కూడా అయ్యారు. 2019 ఎన్నికల్లో తెలుగుదేశానికి వచ్చిన స్థానాలు 23. ఓటర్లకు లెక్కలు రావని నేనైతే ఎవరి దగ్గరా అనను.

ఇంతకూ తమరికి తెలియని తమరి గొప్పతనం ఒకటి చెబుతాను. పార్టీని స్వచ్ఛందంగా వదులుకోవడమంటే రాజీనామా లేఖ ఇవ్వడమే కానక్కర్లేదని, నడవడికను బట్టి కూడా నిర్ధారించవచ్చని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. అంటే తమరే సాక్ష్యం. అందుకేనేమో మా ఎమ్మెల్యే గారు ఊళ్లలో తిరిగేటప్పుడు తమరిని మెడలోంచి తియ్యరు, అసెంబ్లీ గేటు కనబడగానే మడిచి కారు డ్యాష్‌బోర్డులో పెడతారు. అనర్హత పిటిషన్ సంగతి విలేకరులు అడిగితే, నియోజకవర్గ సమస్య విన్నవించడానికి వెళ్లినప్పుడు వాళ్లు మర్యాదకు కప్పారని, గుళ్లో శేషవస్త్రం కప్పితే మతం మారినట్టా అని ఎదురడిగారు. ఆ పిటిషన్ స్పీకర్ గారి బల్ల మీద ఉంటుంది. ఎన్నాళ్లలో తేల్చాలన్న గడువు పదో షెడ్యూలులో ఎక్కడా లేదు. మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మళ్లీ 2025 జులై 31న తెలంగాణలో పదిమంది ఎమ్మెల్యేల విషయంలోనూ అదే మూడు నెలల గడువు పెట్టవలసి వచ్చింది. మా పంచాయతీలో నల్లా బిల్లు మూడు నెలలు కట్టకపోతే కనెక్షన్ కోసేస్తారు.

కాన్వాయ్ వెళ్లేటప్పుడు కళ్లల్లో పోసిన దుమ్ము గురించి గాని, బస్టాండు ఎదుట తమరి కంటే పెద్దగా కట్టిన ఫ్లెక్సీ గురించి గాని, దానిలో ఆయన వయసు పాతికేళ్లు తగ్గడం గురించి గాని నాకేమీ ఫిర్యాదు లేదు. ఎవరి ముచ్చట వాళ్లది. ఆయన పార్టీ మారినందుకు కూడా నాకు అంత బాధ లేదనుకోండి. మారేవాళ్లు మారుతారు. మా వంతెన పేరెందుకు ఎత్తుతారన్నదే నా బాధ. పదవి కోసం మారాను, కేసుల కోసం మారాను, కాంట్రాక్టు బిల్లుల కోసం మారాను అంటే మేము వద్దంటామా, అసలు మమ్మల్ని అడిగేదెవరు?

పోయిన వానాకాలం వాగు పొంగినప్పుడు మా వీధి కోడలికి నొప్పులొచ్చాయి. 108 బండి అవతలి ఒడ్డున లైట్లు వేసుకుని నిలబడి ఉంది. ఇవతల మేము ట్రాక్టరు ట్రాలీలో పరుపు పరిచి, నలుగురం మొలలోతు నీళ్లలో అటూ ఇటూ పట్టుకుని దాటించాం. నడివాగులో ఇంజను ఆగిపోయింది. ఆ అమ్మాయి అరవడం కూడా మానేసి నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగిన చోట ఇప్పటికీ మచ్చ ఉంది. బిడ్డ అవతలి ఒడ్డున బండిలోనే పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. ఆ రాత్రి మీ ఎమ్మెల్యే ఎక్కడున్నాడో తెలుసా నీకు? ఇంకా నీ దగ్గరికి రాలేదులే, వచ్చే బేరంలో ఉన్నాడు. మా వాగు పొంగిన ఫోటో ఫోనులో పెట్టుకుని, నా ప్రజల కష్టం చూడలేక వస్తున్నానని నీ పెద్దలకు చూపిస్తున్నాడు. మా నీళ్లు, మా బురద, ఆ పిల్ల నొప్పులు పెట్టుబడిగా పెట్టి నిన్ను కొనుక్కున్నాడు. సిగ్గుండాలని నిన్నంటే ఏం లాభం, గుడ్డముక్కవు.

క్షమించాలి, మాట తూలింది. వయసు మీద పడింది, నిన్నంతా ఎండలో కూర్చున్నాను.

నిజానికి కండువా అంటే నాకు గౌరవమే. మా నాన్న భుజం మీద ఎర్రంచు కండువా ఒకటి ఎప్పుడూ ఉండేది. చెమట తుడుచుకున్నా, ఎండకు తలకు చుట్టుకున్నా, సంతలో బెండకాయలు మూటగట్టినా, వేపచెట్టు కింద పరుచుకుని కునుకు తీసినా అదే. ఊళ్లో పెద్దమనుషులు పంచాయితీకి కూర్చుంటే ఆ కండువా దులిపి భుజాన వేసుకుని గాని మాట మొదలుపెట్టేవాడు కాదు. చిరిగితే అమ్మ అంచు కుట్టేది. ఆయన పోయినప్పుడు కూడా అదే కప్పాం. ఆయన కండువాకు వాడిన పేరే తమరికీ వాడవలసి రావడం తెలుగు భాషకు వచ్చిన కరువు.

నిన్న సభ ముగిశాక తమరి తమ్ముళ్లను కట్టలు విప్పి మాకందరికీ తలా ఒకటి కప్పారు. నా చొక్కాకు అంటిన రంగు సబ్బుకూ సోడాకూ లొంగలేదని ఇంట్లో అక్షింతలు పడ్డాయి. పొద్దున్నే దాన్ని పట్టుకుని రేవుకు వెళ్లాను. అక్కడ నీటి లోతు తెలియడానికి ఒక గడకర్ర పాతి ఉంటుంది. దానికి కట్టిన గుడ్డ మునిగితే బడికి వెళ్లే పిల్లలు వాగులో దిగకుండా వెనక్కి వచ్చేయాలని ఊళ్లో అందరం చెప్పుకున్నాం. పాత గుడ్డలు ఎండకూ వానకూ వెలిసిపోయి, దూరానికి కనబడటం లేదు. కొత్తది గట్టిగా ముడి వేసి వస్తూ చూశాను. దాని కింద రెండు ఉన్నాయి, రెండింటి రంగూ వేరు.

ఇట్లు,
వాగు ఇవతలి ఓటరు