నూరేళ్లు నిండేలోగానే

విశాఖపట్నంలో కోస్టల్ బ్యాటరీ ప్రాంతం మొదలుకొని ఉత్తరంగా సాగే తీరంలో అక్కడక్కడా ఇసుకలో సగం కూరుకుపోయిన కాంక్రీటు దిమ్మెలు కనిపిస్తుంటాయి. దగ్గరికి వెళ్లి చూస్తే అవి ఉత్త దిమ్మెలు కావని తెలుస్తుంది. మందపాటి గోడలు, బరువైన పైకప్పు, మరతుపాకీ గొట్టాన్ని ఆనించి సముద్రం వైపు గురిపెట్టడానికి గోడలో వదిలిన సన్నటి అడ్డ కంతలు ఉంటాయి. జపాన్ సేనలు ఒడ్డున దిగితే ఎదుర్కోవడానికి రెండో ప్రపంచ యుద్ధకాలంలో కట్టిన పిల్‌బాక్సులివి. ఊరివారు బంకర్లంటారు. సముద్రం ఇసుకను కోసుకుపోయినప్పుడు ఇవి పునాదులతో సహా బయటపడి నాలుగు రోజులు వార్తల్లో ఉంటాయి. మళ్లీ ఇసుక మేట వేయగానే అధికారులూ మరిచిపోతారు, మనమూ మరిచిపోతాం.

మరిచిపోదగిన చరిత్ర కాదిది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. మార్చి నెలలో రంగూన్, ఆ వెనుకే అండమాన్ దీవులు జపాన్ వశమయ్యాయి. బంగాళాఖాతం ఆవలి ఒడ్డు శత్రువు చేతికి చిక్కడంతో, 1933లో ప్రారంభమైన విశాఖ రేవూ, 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకా నిర్మాణ కేంద్రమూ ఒక్కసారిగా యుద్ధపు అంచుకు వచ్చిపడ్డాయి. ఏప్రిల్ 6న ర్యూజో విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు కురిపించాయి. వైస్ అడ్మిరల్ ఒజావా నాయకత్వంలోని నౌకాదళం ఆ కొద్ది రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వాణిజ్య నౌకలను ముంచేసింది. ఆ భయం ఎంతదాకా పోయిందంటే, మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలను లోతట్టు ఊళ్లకు తరలించారు. బాంబు పడితే బోను తప్పించుకుంటాయేమోనని జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగాలను ముందుగానే కాల్చి చంపారు. రంగూన్ రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ కూలి చేసుకుంటూ బతికిన తెలుగువారు ప్రాణాలు అరచేత పట్టుకుని స్వస్థలాలకు చేరుకున్నదీ ఆ కాలంలోనే. తెలుగు గడ్డ ఆ యుద్ధాన్ని పత్రికల్లో చదివి ఊరుకోలేదు, నెత్తిన మోసింది.

నాడు జపాన్ వేసిన బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో భద్రంగా ప్రదర్శనలో ఉంది. దాడికి ఎదురొడ్డడానికి కట్టిన గూళ్లు మాత్రం ఆ రోడ్డు దిగువనే ఉప్పునీటిలో నానుతున్నాయి. ఉప్పుగాలి కాంక్రీటులోకి చొరబడి లోపలి ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పుపట్టిన చువ్వ ఉబ్బి పైపూతను పగలగొడుతుంది. ఆ పగులు గుండా మరింత ఉప్పు లోపలికి పోతుంది. దీనికి తోడు తీరపు కోత ఉంది. ఇక్కడ ఇసుక ఏటా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. రేవు కోసం కట్టిన అడ్డుగట్లు ఆ కదలికను ఆపేయడంతో డ్రెడ్జర్లతో ఇసుక తోడి బీచ్‌లో పోయవలసి వస్తోంది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను బీచ్ రోడ్డునే విరిచేసింది. కాళ్ల కింద ఇసుక జారిపోయిన కట్టడం ఎంత దృఢమైనదైనా ఒరగక తప్పదు.

వీటిని రక్షిత కట్టడాలుగా ప్రకటించమంటే చట్టం అడ్డొస్తుంది. ప్రాచీన కట్టడంగా గుర్తింపు పొందాలంటే కనీసం నూరేళ్ల వయసు ఉండాలని 1958 నాటి కేంద్ర చట్టం చెబుతోంది. ఆ లెక్కన 1942 నాటి బంకరుకు 2042 వరకు ఆ అర్హత రాదు. అంతవరకు ఆగమని అలలకు ఏ శాఖ నోటీసు ఇస్తుంది? అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2019 నాటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ వారసత్వ స్థలాలను అత్యంత కట్టుదిట్టమైన రక్షణ ఉండే మొదటి కోవలో చేర్చింది. తీర పటాల్లో ఈ బంకర్లను ఆ కోవలో చూపించడానికి రాష్ట్ర ప్రభుత్వం పూనుకోవాలి.

తెల్లదొరలు తమ సామ్రాజ్యం కోసం కట్టుకున్నవాటి మీద మనకెందుకింత మమకారమని అడిగేవారున్నారు. అడగదగిన ప్రశ్నే. భారతీయులను మాటమాత్రమైనా అడగకుండా దేశాన్ని యుద్ధంలోకి దింపినందుకు 1939లో కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. విశాఖపై బాంబులు పడిన నాలుగు నెలలకు క్విట్ ఇండియా పిలుపు వచ్చింది. ఈ కథంతా పిల్లలకు చెప్పడానికి ఆ బంకరు పక్కన నిలబడి చెప్పడం కన్నా మంచి చోటు లేదన్నదే మా అభిప్రాయం. పరాయి పాలనలో మగ్గిన సింగపూర్ తన తీరపు కోట ఫోర్ట్ సిలోసోను మ్యూజియంగా నిలుపుకొని, పతనానికి ఎనభై ఏళ్లు నిండిన 2022 ఫిబ్రవరి 15న జాతీయ కట్టడంగా ప్రకటించింది. అంతదూరం ఎందుకు, అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) దగ్గర కార్బిన్స్ కోవ్ తీరంలో ఆక్రమణదారులైన జపనీయులు కట్టిన బంకర్లను నేటికీ పర్యాటకులు చూసి వస్తున్నారు.

బంకరును క్రేనుతో ఎత్తి ఏదైనా పార్కులో పెడితే సరిపోతుందన్న సూచనను మేము అంత తేలిగ్గా ఒప్పుకోలేం. ఏ కంత నుంచి ఎంత తీరం కనిపిస్తుందో లెక్క చూసుకుని కట్టిన నిర్మాణమది. చోటు మారితే మిగిలేది కాంక్రీటే. ఒడ్డును నిలబెట్టడం సాధ్యమే కాదని ఇంజినీర్లు తేల్చినప్పుడే, కొలతలూ ఫొటోలూ దిక్కూ నమోదు చేసిన తర్వాతే ఆ మాట ఎత్తాలి. సుందరీకరణ పేరిట రంగులు పూసి సెల్ఫీ పాయింటుగా మార్చే ఉత్సాహానికీ ముందే కళ్లెం వేయాలి. భీమిలి నుంచి యారాడ వరకు మిగిలిన ప్రతి యుద్ధకాలపు కట్టడాన్నీ పురావస్తు శాఖ, విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ, నౌకాదళం కలిసి గుర్తించి జాబితా రూపొందించాలి. ఏటా తోడి పోసే ఇసుకలో కొంత వీటి మొదళ్లకు చేరేలా పోర్టు అధికారులతో ముందే మాట్లాడుకోవాలి. పెద్ద నిధులు అక్కర్లేని ఈ పనులు వచ్చే నైరుతి రుతుపవనాలకు అలలు ముదిరేలోగా మొదలు కావాలని కోరుతున్నాం.