గన్ను తర్వాత, ముందు సుత్తి

పాత కార్లకు రంగు వేయడం నేర్చుకోవాలనుంది, ఏ స్ప్రే గన్ కొనమంటారని ఈ నెలలో నలుగురు అడిగారు. నలుగురికీ ఒకటే చెప్పాను. గన్ను కొనకండి. ఒక సుత్తి, ఒక డాలీ (కొట్టేటప్పుడు రేకు వెనక ఆనించే ఇనప దిమ్మ), తుక్కు కొట్టులో ఒక పాత బానెట్ కొనుక్కోండి.

మా నాన్నగారి ప్రీమియర్ పద్మినిని కొన్నేళ్ల క్రితం ఇక్కడే ఒక షెడ్డుకు ఇచ్చాం. అద్దంలా మెరుస్తూ తిరిగొచ్చింది. రెండో వానాకాలానికి డోరు కింది అంచున బుడగలు లేచాయి. గోటితో గీకితే పెచ్చు ఊడింది. లోపల వేలెడు మందాన పుట్టీ, దాని వెనక జల్లెడలా చిల్లులు పడ్డ రేకు. తుప్పు కోసి కొత్త రేకు అతకాల్సిన చోట పూడ్చి పంపారు. రంగు మాత్రం చక్కగా వేశారు. నాకు ఇప్పటికీ మండిపోయేది అందుకే. అంత మంచి పనితనం తుప్పును దాచడానికి ఖర్చయింది. ఆ బండ్ల తయారీ ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది, అంబాసిడర్ 2014లో ఆగింది. పాడుచేసిన రేకుకు బదులు తేవడం అంత తేలిక కాదు.

ఆ తర్వాతే ఖైరతాబాద్‌లో ఒక ఉస్తాద్ దగ్గర ఆదివారాలు పని నేర్చుకోవడం మొదలుపెట్టాను. మూడు నెలలు రంగు డబ్బా ముట్టుకోనివ్వలేదు. మడ్‌గార్డు మీద పల్చటి గుడ్డ పరిచి, కళ్లు మూసుకుని అరచేతిని నిదానంగా జరపమనేవారు. "కన్ను మోసం చేస్తుంది బాబూ, చెయ్యి చెయ్యదు" అనేవారు. నిజమే, కంటికి ఆనని సొట్ట అరచేతికి తెలిసింది. సొట్ట నడిమధ్య బాదకూడదని, అంచుల నుంచి లోపలికి రావాలని అప్పుడే అర్థమైంది. ఎక్కువ కొడితే రేకు సాగిపోయి, నొక్కినప్పుడల్లా డబ్బా మూతలా టక్కుమంటుంది. అప్పుడు గ్యాస్‌తో ఒక చిన్న చుక్క మేర ఎర్రగా కాల్చి, తడిగుడ్డ అద్ది ముడుచుకునేలా చేయాలి. నా మొదటి బానెట్ మీద ఆ చుక్కలు పదకొండు.

పుట్టీ వద్దని నేననను. రెండు మూడు మిల్లీమీటర్ల లోపు, శుభ్రమైన రేకు మీద దాని పని దానిది. కానీ గట్టిపడటానికి హార్డెనర్ కలిపే పాలిస్టర్ పుట్టీని నీళ్లు పోసి రుద్దడం ఎందుకు? అది తేమను పీల్చుకుంటుంది, తర్వాత బుడగలు లేవడానికి అదో కారణం. పొడిగానే, చెక్క దిమ్మకు ఎమరీ కాగితం చుట్టి రుద్దాలి. వాటర్ పేపర్ సంగతి ప్రైమర్ పడ్డాక చూసుకోవచ్చు. ప్రైమర్ మీద నల్ల రంగును పల్చగా చిలకరించి రుద్దితే, నలుపు మిగిలిన చోటల్లా పల్లమే.

ఇంకొకటి, దయచేసి వినండి. ఇప్పుడు వాడే టూకే రంగుల్లో, అంటే హార్డెనర్ కలిపి వేసే రంగుల్లో, ఆ హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, అవి ఉబ్బసం తెప్పిస్తాయి. మూతికి కట్టుకున్న చేతిరుమాలు వాటిని ఆపదు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందే మాస్కు కావాలి. యజమానులారా, పనిలో చేరిన పిల్లలకు ముందు అది కొనివ్వండి. చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్ పక్కన ఫొటో దిగే మనం, ఈ పని తెలిసిన వాళ్ల ఊపిరితిత్తుల గురించి ఒక్కసారైనా అడిగామా?

వచ్చే ఆదివారం మా పద్మిని డోరు కింద కుళ్లిన రేకు కోసి కొత్తది అతుకుతున్నాం. చూడాలనుకున్నవాళ్లు ఉదయం పదికల్లా రండి. రంగు పని ఇంకా చాలా దూరంలో ఉంది.