యూరిక్ యాసిడ్ 7 దాటితే గౌట్ అయిపోతుందా?

వాట్సాప్‌లో చాలామంది పంచుకుంటున్న సందేశం ఇది: "కీలు వాచి, యూరిక్ యాసిడ్ 7 దాటితే అది గౌటే. డైక్లోఫెనాక్ వేసుకోండి. కిడ్నీ జబ్బుంటే అల్లోప్యూరినాల్ జోలికి పోవద్దు. బీపీ మాత్రల వల్లే ఇదంతా, ఆపేయండి." గౌట్ అంటే యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీళ్లలో చేరి వచ్చే వాపు, నొప్పి. డైక్లోఫెనాక్ నొప్పి మాత్ర, అల్లోప్యూరినాల్ యూరిక్ యాసిడ్‌ను తగ్గించే మందు. వేరే ఏ జబ్బూ లేనివాళ్లు ఈ సందేశాన్ని నమ్మినా బతికి బయటపడొచ్చేమో. షుగరు, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్ల సంగతి వేరు.

మొదట ఆ 7 సంగతి (రక్తంలో డెసిలీటరుకు 7 మిల్లీగ్రాములన్నమాట). యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉన్నవాళ్లలో చాలామందికి గౌట్ ఎప్పటికీ రాదు. కిడ్నీలు దెబ్బతిన్నా, మూత్రం ఎక్కువగా పోయేందుకు మాత్రలు వాడుతున్నా అది ఎలాగూ పెరుగుతుంది. మరోపక్క, గౌట్ నొప్పి ఉధృతంగా ఉన్న రోజుల్లో పరీక్ష నార్మల్ రావచ్చు. అప్పుడు రెండు మూడు వారాలాగి మళ్లీ చేయించాలి.

అసలు సాక్ష్యం కీలులోని నీటిలో ఉంటుంది. సిరంజితో తీసి పోలరైజింగ్ మైక్రోస్కోపు (స్ఫటికాలను గుర్తుపట్టే ప్రత్యేక మైక్రోస్కోపు) కింద చూస్తే గౌట్ స్ఫటికాలు సూదుల్లా కనిపిస్తాయి. పొట్టిగా, పలకల్లా కనిపిస్తే అవి కాల్షియం పైరోఫాస్ఫేట్ అనే వేరే పదార్థానివి కావచ్చు, అంటే అది గౌట్ కాదు, వేరే జబ్బు. పెద్దవయసువాళ్లలో, ఆపరేషన్ అయిన కొద్దిరోజులకే మోకాలో మణికట్టో హఠాత్తుగా వాస్తే దీన్ని అనుమానించాలి. దీనికి అల్లోప్యూరినాల్ ఎన్నాళ్లు మింగినా ఉపయోగం లేదు.

ఆ నీటినే కల్చర్‌కూ, అంటే సూక్ష్మక్రిములున్నాయేమో చూసే పరీక్షకూ పంపాలి. సందేశం రాసినాయనకు ఈ ఊసే లేదు, నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇక్కడే. స్ఫటికాలు కనిపించినంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేనట్టు కాదు, ఒకే కీలులో రెండూ ఉండొచ్చు. షుగరున్నవాళ్లలో, డయాలసిస్‌లో ఉన్నవాళ్లలో, స్టెరాయిడ్లు వాడేవాళ్లలో జ్వరం లేకుండానే కీలు చీము పట్టవచ్చు. గౌటే కదా అని ఊరుకుంటే కొద్దిరోజుల్లోనే మృదులాస్థి (కీలులో ఎముకల చివర ఉండే మెత్తని పొర) పాడైపోతుంది.

ఇక డైక్లోఫెనాక్. దెబ్బతిన్న కిడ్నీని అది ఇంకా దెబ్బతీస్తుంది, గుండె వైఫల్యంలో ఒంట్లో నీరు చేరుస్తుంది, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు కడుపులో రక్తస్రావం తేవచ్చు. గౌట్ వాపును తగ్గించే కోల్చిసిన్ తక్కువ మోతాదులో బాగానే పనిచేస్తుంది గానీ, కిడ్నీ జబ్బులో మోతాదు ఇంకా తగ్గించాలి. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తో కలిస్తే ప్రాణం మీదికి రావచ్చు. కొద్దిరోజులు స్టెరాయిడ్ ఇవ్వొచ్చు, షుగరు పెరుగుతుంది కాబట్టి రోజూ చూసుకుంటూ ఇన్సులిన్ సర్దుకోవాలి. వాచింది ఒక్క కీలే అయి, ఇన్ఫెక్షన్ లేదని తేలితే, ఆ కీలులోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడం మేలు.

కిడ్నీ జబ్బుంటే అల్లోప్యూరినాల్ వద్దన్నది పాత భయం. తప్పు మందుది కాదు, ఎకాఎకి 300 మిల్లీగ్రాములతో మొదలుపెట్టడానిది. 50తో మొదలుపెట్టి, యూరిక్ యాసిడ్ 6 కన్నా దిగేదాకా కొన్ని వారాలకోసారి పెంచుకుంటూ పోతారు. అవసరమైతే కిడ్నీ రోగులకూ 300 దాటొచ్చు. ఒంటిమీద దద్దుర్లు వస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టరును కలవాలి. అజాథయోప్రిన్ (రోగనిరోధక శక్తిని అణచే మందు) వాడేవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి, రెండూ కలిస్తే రక్తకణాలు పడిపోతాయి. మొదటి నెలల్లో నొప్పి తిరగబెట్టడం మామూలే. అందుకే 3 నుంచి 6 నెలలు కోల్చిసిన్ లాంటిది తోడుగా ఇస్తారు.

బీపీ మాత్రల విషయంలో సగం నిజముంది. హైడ్రోక్లోరోథయాజైడ్ యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది, లోసార్టాన్ కొంత తగ్గిస్తుంది. కాబట్టి మాత్ర మార్చొచ్చేమో డాక్టరునే అడగాలి, సొంతంగా ఆపడం పక్షవాతాన్ని పిలవడమే. గుండెకోసం ఇచ్చిన చిన్న ఆస్పిరిన్ కూడా కాస్త పెంచుతుంది. అయినా దాన్ని ఆపకూడదు.